192 కిలోహెర్ట్జూ, మా నాయనమ్మ క్యాసెట్టూ

మొన్నామధ్య మా టీమ్ లీడ్ వాళ్ళింటికి రమ్మన్నాడు. మియాపూర్‌లో పన్నెండో అంతస్తు. భోజనానికేమో అనుకుని కడుపు ఖాళీ పెట్టుకుని వెళ్ళాను. తీరా చూస్తే పిలిచింది తినడానికి కాదు, వినడానికి.

హాల్లో ఒక మూల చిన్న కంప్యూటర్. దానికి ఫ్యాను లేదు, ఎందుకంటే ఆ ఫ్యాను చప్పుడు పాటలో కలుస్తుందట. (నెత్తి మీద సీలింగ్ ఫ్యాను మాత్రం గిర్రున తిరుగుతోంది.) దాని పక్కన డీఏసీ, అంటే అంకెల్ని శబ్దంగా మార్చే పెట్టె. దాని పక్కన ఇంకో పెట్టె, అది కరెంటుని శుభ్రం చేస్తుందట. రెండిటి మధ్యా పాములాగా మెలికలు తిరిగిన ఒక యూఎస్‌బీ కేబులు. దాని ధర విని గుటక వేశాను. మొత్తం కలిపి రెండు లక్షల పైమాటే. ముందు ఒక పాట మామూలు సీడీ ఫైలుగా వినిపించాడు. తర్వాత అదే పాట 24 బిట్, 192 కిలోహెర్ట్జ్‌లో.

"తేడా తెలుస్తోందా? ఊపిరి పీల్చడం కూడా వినపడట్లా?" అన్నాడు.

"అవునన్నా, బాగా తెలుస్తోంది" అన్నాను.

అబద్ధం. నాకేమీ తెలియలేదు. అప్రైజల్ నెల కదా :)

ఆ అబద్ధానికి ప్రాయశ్చిత్తం ఇది. ఆయన చదివితే చదవనీ.

చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఇంట్లో కూర్చుని పాటలు వినడానికి 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, అంటే 1982లో వచ్చిన ఆ పాత సీడీ లెక్క, చాలు. చాలడమే కాదు, మిగులు. దాని మీద "హై రిజల్యూషన్" పేరుతో మనం పెట్టే రూపాయి దండగ. ఈ మాట వేరే ఎవరైనా నమ్మకపోతే క్షమించొచ్చు. మనం నమ్మకపోతే క్షమించకూడదు. మనలో సగం మంది ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి దూకినవాళ్ళమే. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పేపర్లో శాంప్లింగ్ థీరమ్ రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. పరీక్ష హాల్లోంచి బయటికొస్తూ దాన్ని అక్కడే వదిలేసి వచ్చినట్టున్నాం.

ఆ థీరమ్ ఏమంటుంది? ఒక శబ్దంలో ఉన్న అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు శాంపిల్ తీసుకుంటే ఆ శబ్దాన్ని పూర్తిగా తిరిగి కట్టొచ్చు అంటుంది. "దాదాపుగా" అనలేదు. "పూర్తిగా" అంది. 1928లో నైక్విస్ట్ పునాది వేశాడు, 1949లో షానన్ రుజువు రాశాడు. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, అదీ చిన్నపిల్లలకి. 44.1 లో సగం 22.05. అంటే వినపడేదంతా వచ్చేసింది, పైన కాస్త జాగా కూడా మిగిలింది. అమ్మేవాళ్ళు చూపించే ఆ మెట్లు మెట్లుగా ఉన్న బొమ్మ గుర్తుందా? సీడీ అంటే పెద్ద మెట్లు, హై-రెస్ అంటే చిన్న మెట్లు, అసలు సంగీతం అంటే నున్నటి వంపు అని? ఆ బొమ్మ శుద్ధ తప్పు. డీఏసీ లోంచి బయటికొచ్చేది మెట్లు కాదు, ఫిల్టర్ దాటి వచ్చే నున్నటి వంపే. ఆసిల్లోస్కోప్ పెట్టి చూసుకోవచ్చు. 192 లో అదనంగా దొరికేదల్లా 22 నుంచి 96 కిలోహెర్ట్జ్ దాకా ఉండే సరుకు. అది గబ్బిలాలకి పనికొస్తుంది. మనకి పనికిరాకపోగా, కొన్ని ఆంప్లిఫయర్లలో, స్పీకర్లలో ఆ వినపడని శబ్దాలు ఒకదాన్నొకటి గుద్దుకుని వినపడే చోట చెత్త తయారు చేస్తాయి. ఇది నేను కనిపెట్టింది కాదు. ఓగ్ వోర్బిస్ తయారు చేసిన మాంటీ మాంట్‌గమరీ 2012లోనే విడమరిచి రాశాడు.

ఇక బిట్లు. 16 బిట్ కన్నా 24 బిట్ "వివరంగా" ఉంటుందని చాలామంది అపోహ. బిట్లు పెరిగితే తగ్గేది అడుగున ఉండే రొద మాత్రమే. 16 బిట్‌కి ఆ రొద, పెద్ద శబ్దం కన్నా 96 డెసిబెల్స్ కింద ఉంటుంది. 24 బిట్‌కి కాగితం మీద 144. ఇప్పుడు మన ఇంటికి రండి. ఫ్యాను తిరుగుతూ, పక్క ఫ్లాట్లో కుక్కరు కూత పెడుతూ ఉండే గదిలో ఎంత లేదన్నా 40 డెసిబెల్స్ చప్పుడు ఉంటుంది. దాని మీద 96 వేస్తే 136. అంటే సీడీలో ఉన్న మొత్తం అవకాశాన్ని వాడుకోవాలన్నా, మీ ఇంట్లో జెట్ విమానం లేచేటంత మోత పెట్టాలి. ముందు చెవి పోతుంది, తర్వాత అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళొస్తారు. 24 బిట్ సంగతి తర్వాత చూసుకుందాం.

ఇంత నీతులు చెబుతున్నవాడు ఏదో పుట్టు జ్ఞాని అనుకునేరు. కాదు. నేనూ ఆ గుంటలో పడి లేచినవాడినే.

మాది దమ్మపేట. ఖమ్మం జిల్లా అని చెప్పడం అలవాటు, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒక పక్క సత్తుపల్లి, ఒక పక్క అశ్వారావుపేట, ఆ పక్క అడవి, ఎటు చూసినా పామాయిల్ తోటలు. నా సంగీత జ్ఞానం అంతా బస్టాండు పక్కన మెమొరీ కార్డులో పాటలు ఎక్కించే షాపులో మొదలైంది. ఇరవై రూపాయలిస్తే కార్డు నిండా పోసేవాడు. అన్నీ 128 కేబీపీఎస్ ఎంపీ3లు, కొన్ని అంతకన్నా ఘోరం, ఒక్కోసారి పాట మధ్యలో వెబ్‌సైటు పేరు చెప్పే ఆడగొంతు కూడా ఉచితం. అయినా ఆ పాటలు విన్నంత శ్రద్ధగా మళ్ళీ ఏవీ వినలేదు.

2021లో ఇంటి నుంచి పని. దమ్మపేటలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని అమెరికా వాళ్ళ బగ్గులు సరిచేస్తున్నాను. బోనస్ పడింది. రాత్రిళ్ళు ఒంటరితనం, చేతిలో డబ్బు, ముందు యూట్యూబు. ఇంకేం కావాలి చెడిపోవడానికి? ముప్పై ఎనిమిది వేలు పెట్టి డీఏసీ తెప్పించాను. కొరియర్ వాడు సత్తుపల్లి దాకానే వస్తానంటే బండేసుకుని వెళ్ళి తెచ్చుకున్నాను. లాప్‌టాప్‌కి తగిలించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పాట పెట్టాను.

జుయ్‌మ్‌మ్‌...

తుమ్మెద రొదలాంటి మోత. పాట ఆపినా ఉంది. అది 50 హెర్ట్జ్, దాని పిల్లలు 100, 150. మన కరెంటు తాలూకు మోత. లాప్‌టాప్ చార్జర్ పీకితే పోతుంది, పెడితే వస్తుంది. వారం రోజులు కేబుళ్ళు మార్చాను, డ్రైవర్లు మార్చాను, విండోస్ తీసి లినక్స్ వేశాను. అప్పుడే ఒక మహానుభావుడి వీడియో చూసి నాలుగు వేల ఐదువందలు పెట్టి "ఆడియో గ్రేడ్" యూఎస్‌బీ కేబులు కూడా కొన్నాను. అది కూడా శ్రద్ధగా జుయ్‌మనింది.

చివరికి మా నాన్న ఎలక్ట్రీషియన్ని పిలిచాడు. ఆయన ప్లగ్గు బోర్డు విప్పి చూసి నవ్వాడు. మూడో బొక్కకి తీగే లేదు. ఇల్లు కట్టినప్పటి నుంచీ అది అందానికి ఉంది. పెరట్లో జామచెట్టు పక్కన గుంట తవ్వి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ కట్టాడు. "ఎండాకాలం రెండు బిందెలు నీళ్ళు పోస్తుండు బాబూ" అన్నాడు. మొత్తం ఖర్చు పద్దెనిమిది వందలు. మోత మాయం. నా జీవితంలో పాట నాణ్యత పెంచడానికి నేను చేసిన అత్యుత్తమ పెట్టుబడి ఆ రెండు బస్తాల బొగ్గూ ఉప్పూనే.

అప్పటికైనా బుద్ధి రావాలి కదా. రాలేదు. ఇంకో ఏడాది పాటు 192 ఫైళ్ళు దించుకుంటూనే ఉన్నాను. ఒక్కో అయిదు నిమిషాల పాట, కుదించకుండా చూస్తే, 345 మెగాబైట్లు. అదే సీడీ లెక్కలో 53. ఫ్లాక్ చేస్తే రెండూ కాస్త తగ్గుతాయి గానీ నిష్పత్తి పెద్దగా మారదు. బీఎస్‌ఎన్‌ఎల్ కనెక్షన్ మీద అవి దిగుతుంటే, మా అమ్మ ఫోన్లో సీరియల్ ఆగిపోయి, కింద నుంచి కేకలు.

నా కళ్ళు తెరిపించింది ఏబీఎక్స్ పరీక్ష. ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్‌కి తగిలించే ఒక చిన్న ముక్క ఉంది. ఎ అంటే ఒక ఫైలు, బి అంటే ఇంకొకటి, ఎక్స్ ఆ రెండింట్లో ఏదో అది చెప్పదు. మీరు చెప్పాలి. నేను ఒక 24/96 ఫైలుని సాక్స్‌తో 16/44.1 కి దించి, మళ్ళీ 96 కి ఎక్కించాను, రేటు మారినప్పుడు వచ్చే టిక్కు శబ్దాన్ని బట్టి చెప్పేయకుండా. పదహారు సార్లు ఆడాను. గుడ్డిగా ఊహించి కాదు, నిజంగా వినపడే చెప్పాను అనడానికి పదహారులో పన్నెండైనా కొట్టాలి. నాకు తొమ్మిది వచ్చాయి. "ఇవాళ చెవి బాలేదు" అనుకుని మర్నాడు మళ్ళీ ఆడాను. ఏడు. మొత్తం ముప్పై రెండుకి పదహారు. బొమ్మా బొరుసూ వేసినా ఇంత కచ్చితంగా సగం రాదేమో! సీడీకీ 320 ఎంపీ3కీ మధ్య కూడా ఓడిపోయాను. 128 ఎంపీ3 మాత్రం పట్టేశాను, తాళాల చప్పుడు నీళ్ళలో నానినట్టు ఉంటుంది కాబట్టి.

సరే, నా చెవులు దమ్మపేట చెవులు, శిక్షణ లేనివి అంటారు. ఒప్పుకుంటా. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. హై-రెస్ డిస్కులు ఆడిస్తూ, మధ్యలో ఒక మీట నొక్కితే శబ్దం 16/44.1 గుండా దూరి వచ్చేటట్టు పెట్టారు. 554 సార్లు అడిగారు. 276 సార్లు సరిగ్గా చెప్పారు. నూటికి 49.8. నా మార్కులకి దగ్గరే ఉంది చూశారా.

నిజాయితీగా రెండోవైపు కూడా చెప్పాలి. 2016లో జాషువా రైస్ పద్దెనిమిది ప్రయోగాల్ని, పన్నెండున్నర వేల పైచిలుకు ప్రయత్నాల్ని కలిపి లెక్కగట్టి, తేడా తెలుస్తుంది అన్నాడు. ఎంత? నూటికి 52.3. శిక్షణ ఇచ్చిన వాళ్ళకి ఇంకా ఎక్కువ. హై-రెస్ భక్తులు ఈ పేపర్ని తాయెత్తులా మెళ్ళో వేసుకు తిరుగుతారు. అయ్యా, మీరు "రాత్రికీ పగలుకీ ఉన్నంత తేడా" అన్నారు. ఇక్కడ వచ్చింది నూటికి రెండు చిల్లర. రాత్రికీ పగలుకీ ఉన్న తేడాని నూటికి యాభై రెండు మందే కనిపెట్టగలిగితే మనం లైట్లు ఆర్పుకోవడం ఎప్పుడో మర్చిపోయి ఉండేవాళ్ళం.

ఇంకో ముచ్చట. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అని రికార్డుల కంపెనీ. అసలు టేపు నుంచి నేరుగా, మధ్యలో డిజిటల్ మైల పడకుండా వినైల్ రికార్డులు చేస్తారని వాళ్ళకి పేరు. 2022లో బయటపడింది ఏంటంటే, చాలా రికార్డులకి ఏళ్ళ తరబడి మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని. డిజిటల్ వాసన వంద అడుగుల నుంచి పసిగడతాం అనే మహా చెవులన్నీ ఆ రికార్డుల్నే "ఇదీ అసలైన అనలాగ్ అంటే" అని మెచ్చుకున్నాయి. ఎంక్యూఏ కథ కూడా అంతే. 2014లో మెరిడియన్ వాళ్ళు తెచ్చారు, మామూలు ఫైలులో హై-రెస్‌ని మడత పెట్టి దాచామన్నారు. దాన్ని పూర్తిగా విప్పడానికి లైసెన్సున్న పెట్టె కొనాలి. 2023లో ఆ కంపెనీ చేతులెత్తేసింది, 2024లో టైడల్ ఆ ఫైళ్ళన్నీ తీసేసి ఫ్లాక్‌కి మారింది. నీలం లైటు వెలిగే పెట్టెలు కొన్నవాళ్ళకి నీలం లైటు మిగిలింది. అంతెందుకు, 2021లో లాస్‌లెస్ మొదలుపెట్టినప్పుడు ఆపిల్ వాళ్ళే తమ సహాయ పేజీలో తేడా దాదాపు తెలియదని రాసుకున్నారు. మనవాళ్ళు మాత్రం ఆ హై-రెస్ చందా కట్టి బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో వింటారు. బ్లూటూత్ దాన్ని మళ్ళీ నలిపి పిండి చేశాకే చెవికి పంపుతుందని ఎవరైనా చెప్పండి.

నాకు అసలు కోపం ఎక్కడంటే, ఇవే మనుషులు ఆఫీసులో ఎలా ఉంటారో నాకు తెలుసు. బటన్ రంగు మార్చాలంటే ఎ/బి టెస్టు కావాలి. "నా మెషీన్లో ఫాస్టుగా ఉంది" అంటే బెంచ్‌మార్క్ ఏదీ అని కోడ్ రివ్యూలో నిలదీస్తారు. ఇంటికెళ్ళి మాత్రం ఎస్‌ఎస్‌డీలో పెట్టిన పాట హార్డ్ డిస్కులో పాట కన్నా "గాలి ఆడినట్టు" ఉందంటారు. ఒకే ఫైలు! చెక్‌సమ్ ఒకటే! రోజంతా గిట్‌లో హాష్‌లు చూసుకుని బతికేవాడు ఆ మాట ఎలా అంటాడండీ? జిట్టర్ అంటారు. ఈ రోజుల్లో యూఎస్‌బీ డీఏసీ తన గడియారంతో తానే నడుస్తుంది, కంప్యూటర్ పంపింది బఫర్లో వేసుకుని తన తీరికలో వాడుకుంటుంది. కేబుల్లో బిట్లు పోతే టపటపమని చప్పుడొస్తుంది గానీ, గాయకుడి గొంతులో "మాధుర్యం" తగ్గదు.

ఇంకొకటి. మన పాత తెలుగు పాటల్ని 24/192 పేరుతో అమ్మడం. ఘంటసాల 1974లో పోయారు. ఆయన పాటల్లో చాలా భాగం మోనో. పాత సినిమా ఆప్టికల్ సౌండ్ ట్రాక్ మీద 8 కిలోహెర్ట్జ్ దాటాక చెప్పుకోదగ్గదేమీ ఉండదు. అలాంటి పాటని 192 కి ఎక్కిస్తే దొరికేది నిఖార్సైన హై రిజల్యూషన్ బుసబుస. నేను దించుకున్న పాటల్లో ఒక అరవై ఫైళ్ళు స్పెక్ అనే సాఫ్ట్‌వేర్లో తెరిచి చూశాను. కొన్నిటికి సరిగ్గా 22 దగ్గర కత్తిరించినట్టు గీత. అంటే సీడీని తీసుకుని సాగదీసి, లేబులు మార్చి, రెండింతల ధరకి అమ్మారు. నీళ్ళు కలిపిన పాలు కాదు ఇది, పాలు కలిపిన నీళ్ళు. మీరూ తెరిచి చూడండి, ఉచితం.

మరి ఏం చేయమంటావు, పాటలు వినడం మానేయాలా అంటారా? లేదు. చాలా తక్కువలో చాలా బాగా వినొచ్చు. ఇంట్లో పాత లాప్‌టాప్ ఉంటుంది. విండోస్ అయితే సౌండ్ సెట్టింగ్స్‌లో 24 బిట్, 44100 పెట్టండి, లేదా ఫూబార్‌లో వసాపీ ఎక్స్‌క్లూజివ్ పెడితే మధ్యలో ఎవరూ వేలు పెట్టరు. లినక్స్‌లో పైప్‌వైర్ మామూలుగా అన్నిటినీ 48000 కి మారుస్తుంది. దాని కాన్ఫిగ్‌లో అనుమతించిన రేట్ల వరసలో 44100 కూడా చేర్చండి. చేర్చకపోయినా మీకు వినపడదు, మనశ్శాంతి కోసం చెబుతున్నా. డీఏసీకి, ఆపిల్ వాళ్ళ వేలెడంత టైప్-సి ముక్క వెయ్యి రూపాయలకి అటూ ఇటూ ఉంటుంది. కొలిచి చూసినవాళ్ళు అది చాలా ఖరీదైన పెట్టెలకి దీటుగా ఉందని తేల్చారు. సీడీలు ఉంటే ఫ్లాక్‌లోకి దించుకోండి. మిగిలిన డబ్బు మొత్తం స్పీకర్ల మీద, గది మీద పెట్టండి. తేడా నిజంగా ఉండేది అక్కడే, అది కొలిస్తే కనపడుతుంది, వింటే వినపడుతుంది.

గది అంటే నవ్వకండి. పన్నెండడుగుల గదిలో 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడకీ గోడకీ మధ్య ఊయలూగుతుంది. పదడుగుల వైపు 56 దగ్గర. అందుకే మన ఫ్లాట్లలో బేస్ ఒక మూల గుమ్మెత్తిస్తుంది, సోఫా దగ్గర మాయమవుతుంది. కింద టైల్సు, చుట్టూ ఉత్త గోడలు, గాజు కిటికీలు. ఆ ప్రతిధ్వనిలో రెండు లక్షల సామాను పెట్టడం బావిలో కూర్చుని కచేరీ వినడమే. స్పీకర్లు గోడ నుంచి రెండడుగులు ఇవతలికి జరపండి. పుస్తకాల అలమర, మందపాటి పరదాలు, ఒక బొంత. ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక కొలత మైకు, ఈక్వలైజర్ ఏపీఓ. ఒక ఆదివారం పని. మా లీడ్ గారింట్లో స్పీకర్లు టీవీ పక్కన మూలకి ఇరికించి ఉన్నాయి. ఆ మాట చెప్పే ధైర్యం కూడా ఆరోజు లేకపోయింది.

"నా డబ్బు, నా సరదా, నీకేంటి నొప్పి" అనొచ్చు. స్టోరేజి చవకే కదా, ఉంటే పోయేదేముంది అనొచ్చు. నిన్నమొన్నటి దాకా నేనూ అదే అన్నాను. ఏం పోతుందో చెబుతాను.

1999లో మా బాబాయి టూ ఇన్ వన్‌లో ఖాళీ క్యాసెట్టు వేసి, మా నాయనమ్మ చేత పాటలు పాడించాడు. నాట్లప్పటి పాటలు, దంపుళ్ళ పాటలు, పెళ్ళిళ్ళలో అల్లుణ్ణి ఆటపట్టించే పాటలు. ఆమెకి చదువు రాదు, ఎక్కడా రాసుకోలేదు. అరవై నిమిషాల టేపు. ఆమె 2009లో పోయింది. క్యాసెట్టు అటక మీద ఇనప్పెట్టెలో ఉండిపోయింది.

2021లో, నేను ఆ డీఏసీ తెచ్చుకున్న వారంలోనే, అమ్మ అంది, "ఒరేయ్, ఇన్ని పెట్టెలు తెచ్చావు కదరా, నాయనమ్మ పాటలు దీంట్లోకి ఎక్కించరాదూ?" అని. క్యాసెట్ ప్లేయర్ కావాలమ్మా, మనది పాడైంది, బాగు చేయించాలి అన్నాను. చూద్దాంలే అన్నాను. బాగు చేయించడానికి ఖమ్మంలో మెకానిక్కు అడిగింది రెండు వేల ఐదువందలు. నేను ఎక్కువనుకున్నాను! నాలుగు వేల ఐదువందల కేబులు కొన్నది ఆ నెలలోనే. నా కుర్చీకీ ఆ అటకకీ మధ్య దూరం పదిహేను మెట్లు. పైన నేను మనిషికి వినపడని ఫ్రీక్వెన్సీల కోసం వెతుకుతున్నాను, కింద మా నాయనమ్మ గొంతుకి బూజు పడుతోంది.

2024 వానాకాలం తర్వాత తీశాను. మా వైపు తేమ సంగతి తెలుసు కదా. టేపు అంచుల మీద తెల్లటి బూజు, పొరలు పొరలు అంటుకుపోయి ఉంది. ముందు ఆరబెట్టి, నెమ్మదిగా చేత్తో తిప్పి, తుడవాలని ఆ తర్వాత చదివాను. నేను ఆత్రంకొద్దీ ప్లేయర్లో పెట్టి ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కాను. ఒక పక్క తెగింది, ఇంకో చోట పొర లేచిపోయింది. తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో హెడ్లు తుడుచుకుంటూ, టేపుని వేరే డబ్బాలోకి మార్చి, దక్కించుకున్నది ఇరవై రెండు నిమిషాలు. అల్లుడి పాటలు మొత్తం పోయాయి. ఆ పాటలు వచ్చినవాళ్ళు మా వీధిలో ఇప్పుడు ఎవరూ లేరు, అడిగాను.

దక్కినదాంట్లో ఒక చోట పాట మధ్యలో చంటిపిల్లాడి ఏడుపు. "వాణ్ణి ఎత్తుకోవే" అని నాయనమ్మ విసుక్కుని, మళ్ళీ అందుకుంటుంది. ఆ పిల్లాడు నేను.

ఆ రికార్డింగు నాణ్యత ఎంతో తెలుసా? మామూలు క్యాసెట్టులో రొదకీ పాటకీ మధ్య 50 డెసిబెల్స్ ఉంటే గొప్ప. బిట్లలో చెప్పాలంటే ఎనిమిదికి కాస్త పైన. ఎక్కించేటప్పుడు మాత్రం నేను 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వాడాను. వైరుధ్యం ఏమీ లేదు. రికార్డు చేసేటప్పుడు గొంతు ఎప్పుడు లేస్తుందో తెలియదు, అందుకని పైన జాగా వదిలి తక్కువ లెవెల్లో తీసుకోవాలి, దానికి 24 బిట్ నిజంగా అక్కరకొస్తుంది. శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఏ కూడా కనీసం అదే లెక్క చెబుతుంది, వీలైతే 96 అంటుంది. హై రిజల్యూషన్ అనేది దాచేవాడి పనిముట్టు. దాన్ని వినేవాడికి అమ్ముతున్నారు.

మా జిల్లాలోనే మణుగూరు దగ్గర కూనవరంలో సకిని రామచంద్రయ్య గారని కోయ కళాకారుడు ఉండేవారు. కంచుమేళం, కంచుతాళంతో సమ్మక్క సారలమ్మ కథ పాడేవారు. కథలన్నీ నోటిలోనే. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో పోయారు. అలాంటి కథలు కోయ ఊళ్ళలో ఇంకా ఎంతమంది పెద్దవాళ్ళ నోళ్ళలో ఉన్నాయో, ఎవరి ఇంట్లో ఏ క్యాసెట్టు మీద ఉన్నాయో! మా లీడ్ గారి ఒక్క కేబులు డబ్బుతో మంచి రికార్డరూ, రెండు మైకులూ వస్తాయి.

ఇప్పుడు నా డీఏసీ అమ్మేశాను, పదిహేడు వేలు వచ్చాయి. దాంతో బెల్టులు మార్చిన మంచి డెక్కు ఒకటి, లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ పెట్టె ఒకటి కొన్నాను. నెలకోసారి దమ్మపేట వెళ్ళినప్పుడు అదే పని. ఒక చిట్కా. ఒక్కో క్యాసెట్టు ఒక్కో మెషీన్లో హెడ్డు ఒక్కో వాలుతో రికార్డయి ఉంటుంది. డెక్కులో హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూని పాట వింటూ వెంట్రుకవాసి తిప్పితే, ఒక చోట ఉన్నట్టుండి "స"లూ "శ"లూ తేటపడతాయి. ఆ తేడా వినడానికి ఏబీఎక్స్ అక్కర్లేదు, మా అమ్మ వంటింట్లోంచే "ఆఁ, ఇప్పుడు బాగుంది" అంటుంది.

ప్రస్తుతం నా బల్ల మీద నాలుగు క్యాసెట్లు ఉన్నాయి. రెండు మా వీధి వాళ్ళవి. ఒకటి రామాలయంలో భజన. నాలుగోది మా నాన్నతో బడిలో చదువుకున్న ఒక కోయ పెద్దాయనది, వాళ్ళ ఊరి కొలుపులో వాళ్ళ నాన్న పాడిందట, డోళ్ళతో సహా. దానికీ బూజు ఉంది. ఈసారి ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కలేదు. డబ్బా విప్పి, బియ్యం డబ్బాలో కాదు (అది ఇంకో మూఢనమ్మకం), సిలికా జెల్ పొట్లాలతో మూతపెట్టి పది రోజులైంది. వచ్చే శనివారం తిప్పి చూస్తాను. సంక్రాంతికి తిరిగి ఇస్తానని మాటిచ్చాను.